డీఈ గారు వచ్చేవరకు మొగ కోయరాదు

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఈత రాదు. నీటిపారుదల శాఖలో చేరి, ఏ గెడ్డ మీద ఎవరు వంతెన కట్టుకోవచ్చు, ఏ బీలలో ఎవరు మట్టి పోసుకోవచ్చు (మా వైపు వాగుని గెడ్డ అనీ, నీళ్లు నిలిచే చిత్తడి పల్లాన్ని బీల అనీ అంటాం) అని చెప్పే కుర్చీలో కూర్చుని, ఆ కుర్చీలోనే జుట్టు తెల్లబడి రిటైరయినవాణ్ణి. అంత సర్వీసులోనూ మోకాలు దాటిన నీళ్లలోకి వెళ్లింది ఒక్కసారే. అదీ దిగడం కాదు, పడడం. ఈ రాత తిరిగి తిరిగి అక్కడికే చేరుతుంది కాబట్టి దాచి లాభం లేదు.

శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఈమధ్య టెక్కలిలో మా ఇంటికి వచ్చి, అనుభవాలు చెప్పండి సార్ అన్నారు. మా ఆవిడ టీ గ్లాసులు పెడుతూ, తీరిక ఉంటేనే అడగండి నాయనా, ఆయన మొదలుపెడితే చీకటి పడాలి అని హెచ్చరించింది. పాపం, మర్యాదకి కూర్చున్నారు. వాళ్లు వెళ్లాక, "ఆ ముక్కలేవో కాగితం మీద పెట్టండి, విసుగొస్తే మడిచి పక్కన పడేసుకుంటారు" అంది. నా మీద ఆవిడకున్న దయ ఈ పాటిది. అందుకే రాస్తున్నాను.

షరతులకు లోబడి

మా పని ఆనకట్టలు కట్టడం అని బయట అందరూ అనుకుంటారు. మా అత్తగారు పోయేదాకా అలాగే అనుకున్నారు, నేనూ ఆ భ్రమ చెడగొట్టలేదు. నిజానికి నేను ఒక ఇటుక మీద ఇంకో ఇటుక పెట్టింది లేదు. ఎవరో ఒకరు నీటి దగ్గర ఏదో ఒకటి కట్టాలనుకుంటారు. మా దగ్గరికి వస్తారు. మేము మూడు రకాలుగా జవాబివ్వొచ్చు. కట్టుకో, కట్టుకోవద్దు, షరతులకు లోబడి కట్టుకో. మొదటి రెండు జవాబులు ఇచ్చిన అధికారిని నేను ఇంతవరకు చూడలేదు. మూడోదే మా అన్నం.

షరతు అంటే ఏమిటి? రోడ్డు గెడ్డకి అడ్డంగా పోతే కింద నీళ్లు పోవడానికి ఖానాలు పెట్టు. బీలలో ఒక మూల కప్పేస్తే ఇంకో చోట అంత పల్లం తవ్వు. చెట్లు కొట్టేస్తే మొక్కలు నాటు. నీటికి ఒక చేత్తో చేసిన నష్టాన్ని ఇంకో చేత్తో పూడ్చమనడం. వినడానికి ఎంత బాగుంటుందో చూడండి. రాయడానికి ఇంకా బాగుంటుంది.

పలాస అవతల ఒక గెడ్డ గట్టు మీద రోడ్డు వేస్తూ చెట్లు కొట్టేశారు. బదులుగా గట్టు పొడవునా మొక్కలు నాటాలని నేను షరతు పెట్టాను. తనిఖీకి వెళ్తే గట్టంతా పచ్చగా ఉంది. నా రాతకి ఇంత బలముందా అని ఛాతీ పొంగింది. ఫొటో కోసం ఒక మొక్కని ఆప్యాయంగా పట్టుకున్నాను. అది నాతోపాటు వచ్చేసింది. వేరు లేదు. కానుగ కొమ్మ, నిన్న విరిచి ఇవాళ పొద్దున్న గుచ్చినట్టున్నారు. కంగారులో పక్కదాన్ని పట్టుకుంటే అదీ వచ్చింది. రెండు చేతుల్లో రెండు కొమ్మలతో, పెళ్లి పందిరికి మామిడాకులు తెచ్చినవాడిలా నిలబడ్డాను. ఇక్కడ గాలి ఎక్కువండి అన్నాడు కాంట్రాక్టరు.

ఆఫీసుకి వచ్చి మా పైఅధికారి ఈఈ గారికి చెప్పాను. ఆయన, "మొక్కని ఫొటో తియ్యాలయ్యా. పీకమని నీకెవరు చెప్పారు?" అన్నారు.

పిల్లలూ, ఇప్పుడు నేను చెబుతున్నాను, పీకండి. సిగ్గుపడకుండా పీకండి. వేరున్నది మీ చేతికి రాదు. వచ్చిందంటే మీ షరతు మీ చేతిలోనే ఉందన్నమాట.

మే నెల

మా శాఖలో ఒక ఆచారం ఉండేది. ఎవరూ రాయలేదు, ఎవరూ తప్పలేదు. తనిఖీలన్నీ మే నెలలో చేయడం. వానల్లో జీపు దిగబడుతుంది. వానలు తగ్గాక మీటింగులు. ఆ తర్వాత బిల్లుల హడావిడి. ఇక మిగిలింది మే. ఎండ మండిపోతున్నా జీపు హాయిగా బీల మధ్యదాకా వెళ్తుంది. ఉద్దానం ఊళ్లలో ఎవరో ఒకరు కొబ్బరిబొండాలు కొడతారు. తాగి, చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగు దిక్కులూ చూసి, "తనిఖీ సమయంలో నీరు కనిపించలేదు" అని రాసుకుని వస్తాం. అబద్ధం ఒక్క అక్షరం లేదు. పట్టపగలు వెళ్లి చుక్కలు కనిపించలేదని రాయడం లాంటిది.

పూండికి తూర్పున, సముద్రానికి ఇసుకదిబ్బలే అడ్డంగా, ఒక పెద్ద బీల ఉంది. కొండల వైపు నుంచి వచ్చే గెడ్డ అందులో పరుచుకుని, అవతల సముద్రంలో కలుస్తుంది. బీల అంచుల్లో వరి పండే పల్లపు మళ్లు. ఆ బీలకి హద్దురాళ్లు పాతమని ఒక ఏడు పైనుంచి ఆదేశం వచ్చింది. మే నెలలోనే వెళ్లాం, అది వేరే చెప్పాలా? ఎక్కడ మట్టి బీటలు వారి ఉందో అక్కడిదాకా బీల అని, ఎక్కడ గరిక మొదలైందో అక్కడి నుంచి పొడినేల అని తేల్చాను. తెల్లరంగు వేసి ఎర్రక్షరాలు రాసిన రాళ్లు పాతించాను. చూడముచ్చటగా ఉన్నాయి.

ఒక రాయి దగ్గర ఒకావిడ గేదెని పట్టుకుని నిలబడి ఉంది. దమయంతి ఆమె పేరు. అక్కడే ఆమెకి పైమడి, కిందమడి అని రెండు మళ్లు. పైమడి పంట అమ్మకానికి, కిందమడి పంట ఇంట్లో తినడానికి. భర్త వలస పనికి పోయి సరిగ్గా ఇంటికి డబ్బు పంపడనీ, సేద్యమంతా ఆమే చూసుకుంటుందనీ తర్వాత తెలిసింది. రాయి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఏటి బాబూ ఇది? ఎవలిదైనా సమాధా?"

బీల ఎక్కడ ముగుస్తుందో చెప్పే రాయమ్మా, ఇక్కడి నుంచి ఇవతలంతా పొడినేల అని వివరించాను. ఆమె రాయి వైపు, నా వైపు, తన మడి వైపు చూసింది. "మంచిది బాబూ, గేదెని కట్టుకోడానికి అందుబాటుగా ఉన్నాది" అంది. అది మెప్పనుకుని నేను జీపెక్కాను.

ఈఈ గారి పాఠం

నాకు చాలామంది పైఅధికారులు ఉండేవారు. ఈయన దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను, ఎక్కువ పాడయ్యాను. చెడ్డమనిషి కాదు. నా పెళ్లినాటి చొక్కా చినిగితే గమనించి, పిల్లల ఫీజులు కట్టావా అని అడిగే మనిషి. కానీ ఆయనకి ఒక సిద్ధాంతం ఉండేది. ఏ ఉత్తర్వు చూసినా అందులో అధికారి కనబడాలి. "నువ్వు లేకుండా ఆ పని జరిగిపోయేలా రాశావనుకో, రేపు నువ్వెందుకని అడుగుతారు" అనేవారు. అందుకని ఆయన చేతిలోంచి బయటికొచ్చిన ప్రతి షరతులోనూ ఎవరో ఒక ఇంజనీరు పరిశీలిస్తూనో, ధ్రువీకరిస్తూనో, తృప్తి చెందుతూనో ఉండేవాడు. మా డివిజన్‌లో తృప్తి చెందినంతమంది ఇంజనీర్లు జిల్లాలో ఇంకెక్కడా లేరు.

నేను మంచి శిష్యుణ్ణి.

మొగ

గెడ్డ సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. పూండి బీల మొగ ఎండాకాలంలో ఇసుకతో మూసుకుపోతుంది. వానలు పడ్డాక బీల నిండుతుంది, కానీ నీటికి దారి ఉండదు. అప్పుడు మనుషులు వెళ్లి ఇసుకగట్టుని పారలతో కోసి నీటిని సముద్రంలోకి వదలాలి. తాతల నాటి నుంచి జరుగుతున్న పని.

ఎప్పుడు కోయాలన్నదే తగువు. రైతులకి తొందర. నీళ్లు నిలిస్తే మళ్లు మునుగుతాయి. ఒడ్డున ఉన్న మత్స్యకారులకి నిదానం. బీలలో రొయ్య ఎదగాలి, పైగా వేళకాని వేళ కోస్తే సముద్రమే లోపలికి ఎగదన్ని బీలంతా ఉప్పవుతుంది. అందుకని ఏటా మొగ దగ్గర ఇసుకలో రెండు పక్షాలూ చేరి దెబ్బలాడుకునేవారు. మామూలు దెబ్బలాట కాదు. వంశాలు కదిలిపోయేవి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, ఒక్కోసారి మర్నాడు కూడా. ఆ అరుపుల్లోనే ఎక్కడో ఒకచోట ఉన్నట్టుండి రెండువైపులా నోళ్లు ఆగేవి. మొదటి పార రైతులు వేసేవారు, రెండోది మత్స్యకారులు వేసేవారు. అటుకులూ బెల్లమూ పంచుకుని ఇళ్లకి పోయేవారు.

ఆ దెబ్బలాటని ఎవరో సెల్‌ఫోన్‌లో తీశారు. అది కలెక్టరేట్‌దాకా వెళ్లింది. తీరంలో అనుమతి లేకుండా తవ్వకాలు, శాంతిభద్రతల సమస్య అని మాకు కాగితం వచ్చింది. అనుమతి పద్ధతిలో పెట్టమని ఈఈ గారు నాకు అప్పగించారు.

రెండు పక్షాలనీ పూండిలో కూర్చోబెట్టాను. రైతుల తరఫున దమయంతి మాట్లాడింది, అప్పటికి ఆమె మాటే అక్కడ చెల్లుతోంది. మత్స్యకారుల పెద్ద కామయ్య, ఎండకి నలుపెక్కిన నెమ్మదైన మనిషి. దమయంతి అతన్ని మావా అని పిలుస్తుంది, ఆ పిలుపుతోనే ఎంత మాటయినా అనేస్తుంది. దరఖాస్తుదారు ఒక్కరే ఉండాలి, ఎవరి పేరు రాయను అని అడిగాను. ఇద్దరూ రెండోవారి పేరుకి ఒప్పుకోలేదు. నాకు మహా ఉత్సాహం వచ్చింది. మీకెందుకమ్మా ఈ రగడ, నేనే చూసుకుంటాను అన్నాను. ఆ సాయంత్రమే షరతు రాశాను. "డీఈ గారు స్వయంగా హాజరై, బీల నీటిమట్టమును, సముద్రపు స్థితిని పరిశీలించి, తృప్తి చెందిన పిమ్మట, వారి సమక్షంలో మాత్రమే మొగ కోయవలెను. డీఈ గారు వచ్చేవరకు మొగ కోయరాదు." డీఈ గారు అంటే నేనే. నన్ను నేనే గారు అని రాసుకున్నాను, అది కూడా ఒప్పుకుంటున్నాను.

ఈఈ గారు చదివి మురిసిపోయారు. ఇప్పుడు కనబడుతున్నావయ్యా అన్నారు.

ఉత్తర్వు చదివి వినిపించిన రోజున కామయ్య ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"అయితే ఇంక మేం దెబ్బలాడుకోనక్కర్నేదా బాబూ?"

ఇక ఆ అవసరం లేదని గర్వంగా చెప్పాను. అతను తువ్వాలు దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. మొహంలో దిగులు కనబడింది. అలసిపోయాడేమో అనుకున్నాను.

నా కోసం ఆగారు

ఆ ఏడు అక్టోబరులో వాయుగుండం పట్టింది. వరి అప్పుడే ఈని, వెన్ను బయటికొస్తోంది. నేను శ్రీకాకుళంలో మీటింగులో ఉన్నాను. దేని మీద అనుకున్నారు? వర్షాకాల సన్నద్ధత మీద. దమయంతి ఫోన్ చేసింది. బీల నిండిపోయిందనీ, కిందమడిలో వెన్ను దాకా నీళ్లొచ్చాయనీ, అందరూ పారలు పట్టుకుని మొగ దగ్గర కూర్చున్నారనీ చెప్పింది. ఉత్తర్వు కాపీతో కానిస్టేబుల్ కూడా వచ్చాడట. ఆగండి, నేను వస్తున్నాను అన్నాను. నాకోసం ఒక బీల ఆగి ఉందంటే కాస్త బాగానే అనిపించింది, ఏం దాచను.

హరిశ్చంద్రపురం దాటలేకపోయాం. రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి, జీపు మొరాయించింది. డ్రైవర్‌ని అక్కడే వదిలి స్టేషన్‌లో పాసింజరు ఎక్కాను. అది కోటబొమ్మాళి దాకా నీరసంగా నడిచి ఆగిపోయింది. ముందు పట్టాల మీద నీరుందన్నారు. ప్లాట్‌ఫారం మీద మిరపకాయ బజ్జీలు తింటూ కూర్చున్నాను. మళ్లీ దమయంతి ఫోన్. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు, అది నాకు నచ్చలేదు.

"బాబూ, వెన్ను మునిగిపోనాది. రేపటికి కుళ్లిపోద్ది. వత్తన్నారా, నేదా?"

ఫోన్లోనే కోసేయమని చెప్పేద్దామనుకుని, భయమేసి ఈఈ గారికి చేశాను. ఆయన ఓపికగా విని, "సమక్షం అని రాసింది నువ్వే కదయ్యా. ఫోన్లో సమక్షం ఎలా వస్తుంది?" అన్నారు. ఉత్తర్వు మీరితే మొగ దగ్గర ఏం జరిగినా నీ మెడకే చుట్టుకుంటుందని కూడా అన్నారు. నా మెడ మీద నాకు మహా ప్రేమ. నోరు మూసుకున్నాను.

మీరు ఒకటి గమనించాలి. వాళ్లు అన్నేళ్లు ఎవరినీ అడక్కుండా కోసుకున్న మనుషులు. సర్కారు మాట విని ఆగింది అదే మొదటిసారి. ఆ మొదటిసారే సర్కారు కోటబొమ్మాళిలో బజ్జీలు తింటోంది.

ఆ సాయంత్రమంతా పోయింది, రాత్రి పోయింది. మర్నాడు తెల్లవారాక రైలు కదిలి నన్ను పూండిలో దింపింది.

పొడినేల మీద నావ

ఊరు దాటాక రోడ్డు నీళ్లలోకి దిగిపోయింది. అక్కడ చిన్న నావతో కామయ్య ఉన్నాడు. నావలో దమయంతి కూర్చుని ఉంది. నేను మళ్లీ ఎటైనా పోతానేమోనని స్వయంగా వచ్చిందట. నాకు ఈత రాదని చెబుదామనుకున్నాను. నీటిపారుదల డీఈ నోట ఆ మాట రావడం బాగుండదని రెండు చేతులా అంచులు పట్టుకుని కూర్చున్నాను. కామయ్య గడ వేశాడు.

కనుచూపుమేరా నీళ్లే. జీడిమామిడి తోపుల మొదళ్లు మునిగి ఉన్నాయి. చాలాసేపు పోయాక నావ అడుగున దేనికో ఠంగున తగిలింది. నేను అదిరిపడి, ఏమిటది అన్నాను.

కామయ్య గడతో తడిమి చూశాడు. "మీ రాయే బాబూ. మీ లెక్కన బీల ఇప్పుడే మొదలవుతాది."

దమయంతి వెనక్కి తిరిగి మేం వచ్చిన నీళ్లన్నీ చూసింది. "అయితే ఇందాకటి నుంచీ మనం పొడినేల మీద నావెక్కి వత్తన్నామా మావా?"

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నవ్వే స్థితిలో లేదు, ఎందుకంటే మేం అప్పుడు ఆమె కిందమడి మీదుగానే వెళ్తున్నాం. చెయ్యి నీళ్లలో పెట్టి ఒక దుబ్బుని పట్టుకుని పైకి లాగింది. మెత్తగా ఊడొచ్చింది. వాసన చూసి మళ్లీ నీళ్లలోనే వదిలేసింది.

కుర్చీ

మొగ దగ్గరికి చేరేసరికి నాకు కనిపించిన దృశ్యం చెబుతాను. ఒక పక్క పారలతో రైతులు. ఇంకో పక్క మత్స్యకారులు. మధ్యలో ప్లాస్టిక్ పట్టా కప్పుకుని కానిస్టేబుల్. ఎక్కడా అరుపు లేదు. రెండు రోజులుగా రెండు పక్షాలూ ఒకరితో ఒకరు మాట్లాడకుండా, ఎవరూ ఎవరినీ తిట్టకుండా, నా దారి చూస్తూ కూర్చున్నారు. వీడియో తీసినవాడు అప్పుడు తీసుంటే శాంతిభద్రతలు అద్భుతంగా ఉన్నాయని కలెక్టరు గారు సంతోషించేవారు.

నాకోసం ఇసుకగట్టు మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. కూర్చున్నాను. అటు సముద్రం ఎగిరెగిరి పడుతోంది, ఇటు బీల నిండుగా కదలకుండా ఉంది. రెండింటినీ మార్చి మార్చి చూశాను. పరిశీలించడమంటే ఏం చేయాలో ఉత్తర్వులో రాయలేదు. కోయమంటే వెంటనే కోస్తారు. అప్పుడు సముద్రం లోపలికొస్తే? వద్దంటే అలాగే కూర్చుంటారు. అప్పుడు పైమళ్లు కూడా పోతే? ఏదన్నా వింటారు. అంతకుముందు నా మాట ఎవరూ వినడం లేదని ఎన్నిసార్లు బాధపడ్డానో. ఇప్పుడు వింటారని తెలిసి, ఎవరైనా చెబుతారేమోనని చుట్టూ చూశాను.

కామయ్యా, నువ్వేమంటావు అన్నాను.

"మాకేటి తెలుసు బాబూ. కాయితం మీ కాడ ఉన్నాది."

వ్యంగ్యం కాదు. నిజంగానే అన్నాడు. నా షరతు అతని నోట్లోంచి మాట పీకేసింది. కానుగ కొమ్మ వచ్చినంత తేలిగ్గా.

దమయంతి నా ఎదురుగా వచ్చి నిలబడింది. "సెప్పండి బాబూ. కొయ్యమంటారా, వద్దా?"

"నాకు తెలీదు" అన్నాను.

కానిస్టేబుల్ పట్టాలోంచి తల బయటపెట్టాడు. సర్వీసులో ఆ మాట నేను అదే మొదటిసారి పైకి అనడం. చాలాసార్లు తెలియలేదు, అనలేదంతే. ఒకసారి అన్నాక మిగతాది సులభంగా వచ్చేసింది. ఉత్తర్వులో నా సమక్షం కావాలని ఉంది, సమక్షం ఇదిగో ఈ కుర్చీలో ఉంది, ఎప్పుడు కోయాలో మాత్రం మీరు ఎప్పటిలాగే దెబ్బలాడుకుని తేల్చుకోండి, నేను అడ్డం రాను అన్నాను.

కాసేపు ఎవరూ నమ్మలేదు. తర్వాత దమయంతి కామయ్య వైపు తిరిగింది.

"ఏటి మావా సూత్తన్నావు? కొయ్యాల, ఇప్పుడే కొయ్యాల."

"పోటు మీద కోత్తే సముద్రమొచ్చి నీ మడిలో కూకుంటాది. కళ్లు కనబడతన్నాయా నేదా?"

"నీ రొయ్యలు పోతాయని ఏడుపు నీకు."

"నా రొయ్యలు ఎప్పుడో నీ మళ్లలో మేత్తన్నాయే, ఎల్లి ఏరుకో."

అంతే. రెండువైపులా లేచారు. వంశాలు కదిలాయి. కామయ్య తండ్రి ఎప్పుడో దొంగిలించిన కోడి సంగతి బయటికొచ్చింది. నా మీద కూడా నాలుగు పడ్డాయి, రెండువైపుల నుంచీ. నా ప్రాణానికి అంత హాయిగా ఎప్పుడూ లేదు. అప్పుడు నాకు అర్థమయింది, ఆ తగువులోనే అన్నీ ఉన్నాయని. నీరెంత ఎక్కింది, పోటు ఎప్పుడు తగ్గుతుంది, ఎటువైపు కోస్తే నావలు కొట్టుకుపోవు, ఎవరి మడి ఇంకెంతసేపు ఆగుతుంది, ఇవన్నీ తిట్ల మధ్యలోనే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు. కలిపి అరిస్తేగాని లెక్క తేలదు. నేను శాంతిభద్రతల పేరుతో దాన్ని ఆపించాను.

ఉన్నట్టుండి నోళ్లు ఆగాయి. బీల వైపు నుంచి రైతులు ఇప్పుడే కాలువ తవ్వుతూ రావాలి, సముద్రం వైపు ఇసుకగోడ ఉంచెయ్యాలి, పోటు తిరిగాక ఆ గోడని మత్స్యకారులు కొట్టాలి. అది తీర్పు. మొదటి పార దమయంతి వేసింది.

సముద్రం వెనక్కి తగ్గే వేళకి కామయ్య మనుషులు గోడ తెగ్గొట్టారు. ముందు సన్నగా పారింది. చూస్తుండగానే అంచులు విరుచుకుపడుతూ వెడల్పయింది. అందరూ వెనక్కి జరిగారు. నేను జరగలేదు. సమక్షం అన్నాను కదా, కదలకుండా కూర్చున్నాను. కుర్చీ వెనక కాళ్లు రెండూ ఇసుకలోకి దిగాయి. తర్వాత ఇసుకే లేదు. కుర్చీ, నేను, కండువాలా భుజాన వేసుకున్న నా తువ్వాలు, ముగ్గురం మొగలో పడ్డాం. ఉప్పునీళ్లు, తీపినీళ్లు కలిసి ఎలా ఉంటాయో ఆ డివిజన్‌లో తాగి చూసిన ఇంజనీరుని నేనొక్కణ్ణే. కామయ్య కాలరు పట్టుకుని బయటికి లాగాడు. కుర్చీ సముద్రంలోకి పోయింది.

ఇసుకలో బోర్లా పడి కక్కుకుంటుంటే దమయంతి వచ్చి వీపు తట్టింది. పైమడి దక్కుతుందని చెప్పింది. కిందమడి గురించి నేనే అడిగాను.

"అది పోనాది బాబూ. నిన్న కోసుంటే దక్కును." నా వీపు మీద ఇసుక దులిపింది. "పోన్లెండి, మీకు ఈత కూడా రానట్టున్నాది."

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆ ఏడు ఆ ఇంట్లో కొన్న బియ్యమే తిన్నారు. నాకు తెలుసు, ఎందుకంటే తర్వాత వెళ్లినప్పుడు నాకు అన్నం పెట్టి ఆమే చెప్పింది.

కొత్త షరతు

తిరిగొచ్చి ఉత్తర్వు మార్చి రాశాను. దరఖాస్తుదారుల చోట రెండు ఊళ్ల పేర్లూ పెట్టాను. కోత వేళని ఉభయులూ మొగ వద్ద చర్చించి నిర్ణయించుకోవలెను అని రాశాను. దెబ్బలాడుకోవలెను అని రాద్దామనుకున్నాను, ధైర్యం చాలలేదు. హద్దురాళ్లు వానల్లో చూసి మళ్లీ పాతడానికి కూడా ఒక ప్రతిపాదన పెట్టాను. అది ఇంకా తిరుగుతోందని విన్నాను.

ఈఈ గారు కళ్లద్దాలు తీసి, "ఇందులో నువ్వెక్కడున్నావయ్యా?" అన్నారు. ఎక్కడా లేను సార్ అన్నాను. కుర్చీ సంగతి ఆయన అప్పటికే వినేశారు. కాసేపు నవ్వు ఆపుకోలేక, ఆ నవ్వులోనే సంతకం పెట్టేశారు. నా సర్వీసులో నా వాదన వల్ల ఆమోదం పొందిన ఉత్తర్వులు తక్కువ. నేను నీళ్లలో పడడం వల్ల ఆమోదం పొందింది అదొక్కటే.

కొత్త ఉత్తర్వులో పని లేకపోయినా, ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏటా మొగ కోతకి వెళ్లాను. తిట్లు వినడానికి. కుర్చీ వేయబోతే వద్దని దూరంగా నిలబడేవాణ్ణి. దమయంతి ఫోన్ చేసి ఫలానా రోజు బాబూ అని చెప్పేది. నేను వెళ్లేదాకా ఓ పూట ఆగేవారు కూడా, పాత మర్యాద కొద్దీ. ఆగొద్దని చెప్పినా ఆగేవారు. అది నన్ను లోపల కొరుకుతూనే ఉండేది. ఒకసారి మనం షరతులో దూరామంటే, కాగితంలోంచి తీసేసినా మనుషుల్లోంచి పోవడానికి ఏళ్లు పడుతుంది. పిల్లలూ, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

మొన్నటి వానలకి, రిటైరయ్యాక మొదటిసారి, గొడుగూ చెప్పులూ సిద్ధం చేసుకుని ఫోన్ పక్కనే కూర్చున్నాను. మోకాళ్ల నొప్పులతో ఎక్కడికండీ అంటూ మా ఆవిడ విసుక్కుంటూనే ఉంది. రెండు రోజులు గట్టిగా కురిసింది. ఫోన్ మోగలేదు. మూడోనాడు మోగింది.

"బాబూ, మొగ కోసీసినాం."

ఎప్పుడు అన్నాను. మొన్ననే అంది. నాకు చెప్పలేదేం అని అడిగాను. గొంతులో నిష్ఠూరం నాకే వినబడింది.

"మీకెందుకు బాబూ సెప్పడం?" దమయంతికి నిజంగానే అర్థం కాలేదు. వెనక కామయ్య ఎవరినో తిడుతున్నాడు. "వాన పట్టింది, దెబ్బలాడుకున్నాం, కోసీసినాం. ఎవల కోసమూ ఆగనేదు."

గొడుగు పక్కన పెట్టి, కిందమడి ఎలా ఉందమ్మా అని అడిగాను.

"ఈనీసింది బాబూ" అంది.